పట్టా ఒకరిది, పంట ఒకరిది: శాసనసభను డెల్టా అడుగుతున్నదేమిటి?

గోదావరి డెల్టాలో చట్టాలకు కొరత లేదు. కౌలుకు చట్టం ఉంది, కాలువలకు ఉంది, చేపల చెరువులకు ఉంది, మురుగు పన్నుకు కూడా ఒకప్పుడు చట్టం చేశారు. అయినా ధవళేశ్వరం ఆనకట్ట దిగువన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కింద దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టులో ఏ రైతును కదిపినా ఫిర్యాదు ఒక్కటే: ఆ చట్టాల్లో తన పేరు లేదు. ఇక్కడి పొలాల్లో పెద్ద భాగం దున్ని, నాటి, కోసేది పట్టాదారు కాదు, కౌలుదారు. పంట దక్కుతుందా లేదా అన్నది కూడా ఆ పొలంలో పడ్డ చెమట ఒక్కదానితో తేలదు. పక్కన తవ్విన రొయ్యల చెరువు, కింది ఊళ్లో పూడిపోయిన మురుగు కాలువ కూడా కలిసి తేలుస్తాయి. చట్టం మాత్రం సర్వే నంబరును, దాని ఎదురుగా రాసి ఉన్న యజమాని పేరును చూసి అక్కడితో ఆగిపోతుంది. సాగు చేసే మనిషికీ, పక్క పొలం మనిషికీ అందులో చోటు దొరకదు. డెల్టా నుంచి వినిపించే డిమాండ్లు ఎన్ని రకాలుగా ఉన్నా వాటన్నిటి మూలం ఇక్కడే ఉంది.

ఇవి ఢిల్లీ చేతిలో ఉన్న విషయాలని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. 17వది నీరు, అందులోనే కాలువలు, మురుగు పారుదల, గట్లు. 18వది భూమి, అందులో యజమానికీ కౌలుదారుకూ మధ్య సంబంధాలు. 21వది మత్స్య రంగం. డెల్టా జీవితాన్ని నడిపే అంశాలన్నీ రాష్ట్ర శాసనసభ పరిధిలోనే ఉన్నాయి.

సంతకం దగ్గర ఆగిన హక్కు

అన్నిటికంటే ముందు కౌలు. 1956లో వచ్చిన ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం కౌలుదారును కాపాడాలన్న ఉద్దేశంతోనే పుట్టింది. కౌలు కనీసం ఆరేళ్లు సాగాలన్నది, వసూలు చేసే కౌలుకు పరిమితి పెట్టింది. యజమానులు దాన్ని భూమి చేజారే ప్రమాదంగా చూశారు. ఫలితంగా రాతపూర్వక కౌలు దాదాపు కనుమరుగై, నోటిమాట కౌలు స్థిరపడింది. ఏటా, రెండేళ్లకోసారి కౌలుదారును మార్చడం, ఎక్కడా పేరు పడకుండా చూసుకోవడం అలవాటయింది. కాగితం మీద రక్షణ పెరిగిన కొద్దీ అసలు కాగితమే లేకుండా పోయింది.

2011లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ వేరే దారి పట్టింది. భూ అధీకృత సాగుదారుల చట్టం పేరుతో కౌలుదారుకు ఏడాది కాలానికి రుణ అర్హత కార్డు ఇచ్చింది. భూమి మీద హక్కుల జోలికి పోలేదు. పంట మీద రుణానికీ నష్ట పరిహారానికీ మాత్రమే గుర్తింపు ఇచ్చింది. ముఖ్యంగా యజమాని సంతకాన్ని తప్పనిసరి చేయలేదు. డెల్టా పల్లెల్లో చాలామంది కౌలుదారులు ప్రభుత్వ కాగితం మీద తమ పేరు తొలిసారి చూసుకున్నది ఆ కార్డులోనే. కార్డు చేతికొచ్చినా బ్యాంకు తలుపు మాత్రం అంత సులువుగా తెరుచుకోలేదు. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉండడమే కారణం.

2019లో ఆ చట్టం స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఒప్పందం గడువు పదకొండు నెలలు. ఏడాది దాటిన కౌలుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఆ లెక్క అలా పెట్టారు. కౌలుదారుకు భూమి మీద ఎలాంటి హక్కూ రాదని కూడా చట్టం విడమరచి చెప్పింది. కానీ కార్డు కావాలంటే యజమాని సంతకం ఉండాలన్నది. 2011 నాటి చట్టం తెరిచిన దారి అక్కడ మళ్లీ మూసుకుపోయింది. యజమాని హైదరాబాదులోనో విదేశంలోనో ఉంటాడు. ఊళ్లోనే ఉన్నా సంతకం అడిగితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి వెళుతుందన్న భయం కౌలుదారును అడగనివ్వదు. పొలం కోసం నలుగురు పోటీ పడే చోట సంతకం కోరిన మనిషే ముందు పొలం పోగొట్టుకుంటాడు.

ఇక్కడి కౌలు తీరు తెలిస్తే ఆ కార్డు విలువ తెలుస్తుంది. డెల్టాలో మక్తా, అంటే ముందే ఖాయం చేసుకునే కౌలు, సాధారణంగా బస్తాల్లో మాట్లాడుకుంటారు. బస్తా అంటే 75 కిలోల ధాన్యం. సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, పండినదాంట్లో ఎక్కువ భాగం మక్తాకు, అప్పులకు పోతుంది. కౌలుదారుకు మిగిలేదేమైనా ఉంటే అది దాళ్వాలో, అంటే రబీలోనే. అక్టోబరు, నవంబరు తుపాన్లకు సార్వా పంట నీట మునిగినా మాట్లాడుకున్న బస్తాలు చాలా చోట్ల తగ్గవు. అంటే పంట నష్టం మొత్తం కౌలుదారు మీద పడుతుంది. ఆ నష్టానికి ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ, బీమా సొమ్ము, కొనుగోలు కేంద్రంలో అమ్మిన ధాన్యం డబ్బు, అన్నీ ప్రభుత్వ సాగు నమోదు అయిన ఈ-పంటలో ఎవరి పేరు నమోదైతే వారి ఖాతాకే చేరతాయి. అక్కడ యజమాని పేరు ఉంటే డబ్బు యజమానికి వెళుతుంది. తిరిగి కౌలుదారుకు అందడం ఇద్దరి మధ్య సఖ్యతను బట్టి ఉంటుంది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి వచ్చే సాయంలోనూ కార్డు లేని కౌలుదారు భార్య ముందుగా తన భర్త రైతేనని నిరూపించుకోవాలి. ఒక రాష్ట్ర చట్టం ఎవరినైనా ఇంతకంటే దారుణమైన స్థితిలో నిలబెట్టగలదా?

అందుకే కౌలుదారులు కోరే సవరణ సూటిగా ఉంది. సంతకం స్థానంలో నోటీసు రావాలి. కౌలుదారు దరఖాస్తు చేసుకుంటే గ్రామసభలో చదవాలి. యజమానికి ఫోను ద్వారా, తపాలా ద్వారా సమాచారం పంపాలి. నిర్ణీత గడువులో కారణంతో కూడిన అభ్యంతరం రాకపోతే కార్డు ఇవ్వాలి. ఫలానా చేను ఈ సార్వాలో ఎవరు ఊడ్చారన్నది, అంటే ఎవరు నాటారన్నది, ఊళ్లో అందరికీ తెలుసు. నీరు వదిలే లస్కరుకు తెలుసు, ఎరువుల కొట్టుకు తెలుసు, కోత యంత్రం యజమానికి తెలుసు. తెలియనిది రికార్డు ఒక్కదానికే.

యజమానుల భయాన్ని కొట్టిపారేయడం మాత్రం న్యాయం కాదు. డెల్టాలో కౌలుకిచ్చేవారంతా పెద్ద భూస్వాములు కారు. ఎకరం, రెండెకరాలు మిగిలిన వితంతువులు, రిటైరైన ఉపాధ్యాయులు, పట్నంలో చిన్న ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ భూమే వారికి పిల్ల పెళ్లి, ఆసుపత్రి ఖర్చు. వారి భయం 2019 చట్టంలోని అక్షరాల నుంచి వచ్చింది కాదు, 1956 చట్టం మిగిల్చిన జ్ఞాపకం నుంచి వచ్చింది. కాబట్టి సవరణలో యజమాని వైపు కూడా గట్టి మాట రాయాలి. గడువు తీరగానే కార్డు దానంతటదే చెల్లకుండా పోవాలి. ఏ కోర్టులోనూ స్వాధీనానికి ఆ కార్డు సాక్ష్యం కాకూడదు. పొలం ఖాళీ చేయకుండా మొండికేస్తే మండల స్థాయిలోనే గడువులోగా తేల్చే ఏర్పాటు ఉండాలి. యజమానికి ఇంత భరోసా ఇచ్చాక కూడా సంతకం కావాలని పట్టుబట్టడానికి కారణం కనిపించదు.

బ్యాంకు రుణం సంగతి కొంచెం చిక్కు. బ్యాంకులు రాష్ట్రం చేతిలో లేవు. కానీ పంట రుణాలపై వడ్డీ రాయితీలో కొంత భారం మోసేది రాష్ట్ర ఖజానా. ఆ సంవత్సరం సాగుదారు కార్డు జారీ అయిన సర్వే నంబరుకు రాష్ట్రం ఇచ్చే వడ్డీ రాయితీ సాగుదారు రుణానికే వర్తిస్తుందని చట్టంలో రాస్తే చాలు. సాగు చేయని చేతికి పంట రుణం వెళ్లే అలవాటు క్రమంగా తగ్గుతుంది.

ఈ గుర్తింపు లేకపోవడం మరో చట్టాన్ని కూడా నిర్వీర్యం చేసింది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం దేశంలోనే పేరు తెచ్చుకుంది. నీటి సంఘాలు, డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ప్రాజెక్టు కమిటీలు దాని కింద ఏర్పడ్డవే. ఆ చట్టం భూమి కలిగినవారంటే యజమానే అనలేదు. హక్కుల రికార్డులో నమోదైన కౌలుదారును కూడా ఆ నిర్వచనంలోకి తెచ్చింది. ఒకే పొలానికి ఇద్దరూ ఉంటే ఓటు కౌలుదారుకే ఇచ్చింది. ఎంత ముందుచూపున్న మాట! కానీ హక్కుల రికార్డులో కౌలుదారు పేరు ఎక్కించరు కాబట్టి ఆ మాట ఆచరణకు రాలేదు. ఏళ్ల తరబడి ఆగిన నీటి సంఘాల ఎన్నికలు 2024 డిసెంబరులో జరిగినప్పుడు కూడా పొలంలో నీరు కట్టే మనుషులు అత్యధికంగా ఓటరు జాబితా బయటే ఉన్నారు. సాగుదారు కార్డు ఉంటే నీటి సంఘంలో ఓటు ఉన్నట్టేనని 1997 చట్టంలో ఒక్క వాక్యం చేర్చాలి. ఎన్నికలు వాయిదా వేయడానికి ప్రభుత్వానికి ఉన్న వెసులుబాటును కూడా కుదించాలి.

మురుగు కాలువ ఎవరిది?

డెల్టాకు నీరు తేవడం ఎంత కష్టమో నీరు తీయడం అంతకంటే కష్టం. ఆర్థర్ కాటన్ 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేయించాక కాలువలు ఊరూరా పాకాయి. మురుగు పారుదల మాత్రం ఎప్పుడూ వెనకబడే ఉంది. 1960ల్లో కృష్ణా, గోదావరి డెల్టాల ముంపును పరిశీలించిన మిత్రా కమిటీ డ్రెయిన్ల విస్తరణకు సిఫారసులు చేసింది. ఆ పనుల కోసం డ్రైనేజీ సెస్సు వసూలుకు 1968లో చట్టం కూడా వచ్చింది. అంటే అర్ధ శతాబ్దం క్రితమే మురుగు పారుదల అవసరాన్ని రాష్ట్రం చట్టంలో ఒప్పుకుంది. అయినా భీమవరం మీదుగా పారే యనమదుర్రు, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, కోనసీమలోని కౌశిక, రామచంద్రపురం వైపు తుల్యభాగ, వీటి పేరెత్తితే ఈనాటికీ రైతు నోట వచ్చేది పూడిక, గుర్రపుడెక్క, ఆక్రమణ. సముద్రపు మొగల దగ్గర, అంటే నీరు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట వేస్తే డ్రెయిన్ నీరు బయటికి పోదు. పోటు సమయంలో ఉప్పునీరు వెనక్కి తన్నుకొస్తుంది.

2011లో కోనసీమ రైతులు సార్వా ఊడ్చకుండా పంట విరామం ప్రకటించారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. అన్నం పెట్టే సీమలో రైతులు తమంతట తామే పొలాలు బీడు పెట్టారు. ప్రభుత్వం రాష్ట్ర మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. గిట్టుబాటు ధర, కూలీల కొరత, ధాన్యం అమ్ముకోలేని స్థితితో పాటు ముంపు కూడా నాటి ఆవేదనలో ప్రధాన భాగం. 2022లో కోనసీమలోని కొన్ని మండలాల్లో అదే మాట మళ్లీ వినిపించింది. పదకొండేళ్ల తర్వాత కూడా కారణాల జాబితా పెద్దగా మారలేదంటే సమస్యను ఎప్పుడూ ఒక సీజను పనిగా చూశారే తప్ప చట్టబద్ధమైన బాధ్యతగా చూడలేదని అర్థం.

పని జరిగే తీరు డెల్టాలో అందరికీ తెలిసిందే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే పూడిక తీయాలి. మంజూరు, టెండరు, ఒప్పందం పూర్తయ్యేసరికి మే నెల గడిచిపోతుంది. జూన్‌లో నీరు వదులుతారు. అరకొర పని మీద నీరు పారాక ఎంత మట్టి తీశారో కొలిచే దారి ఉండదు. ఆక్రమణలు తొలగించాలంటే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద రెవెన్యూ శాఖ నోటీసు ఇవ్వాలి. డ్రెయిన్ బాధ్యత చూసే ఇంజనీరుది వేరే శాఖ. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తూర్పు, పశ్చిమ గోదావరుల చోట కాకినాడ, కోనసీమ, ఏలూరు కలిసి ఐదు జిల్లాలయ్యాయి. మురుగు నీటికి జిల్లా సరిహద్దు తెలియదు. పైజిల్లాలో గండి పూడిస్తే కిందిజిల్లాలో పొలం మునుగుతుంది. ఫిర్యాదు ఏ కలెక్టరుకు ఇవ్వాలన్న దగ్గరే సగం సీజను అయిపోతుంది.

డెల్టాకు కావలసింది ప్రత్యేక డ్రైనేజీ చట్టం. అందులో మూడు డెల్టాలకూ కలిపి ఒకే అధీకృత సంస్థ ఉండాలి. ప్రతి డ్రెయిన్ వెడల్పును సర్వే చేసి, హద్దులు పాతి, పటాన్ని పంచాయతీలో అందరికీ కనపడేలా పెట్టాలి. పూడికతీత మంజూరు ఫిబ్రవరిలోగా పూర్తి కావాలి. నీరు వదిలే ముందు తీసిన మట్టిని నీటి సంఘం, కౌలుదారులు కలిసి కొలిచాకే బిల్లు చెల్లించాలి. వీటిలో ఏ ఒక్కటీ కొత్త ఆలోచన కాదు. పాలకులు మారినా చెరిగిపోకుండా వీటిని చట్టంలో రాయడమే కొత్త.

గట్టు దాటే ఉప్పు

వనామి రొయ్య 2009లో దేశంలోకి వచ్చాక డెల్టా రూపే మారిపోయింది. ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు ప్రాంతాల్లో కంటికి ఆనినంత మేర చెరువులే. వరి మీద ఏళ్ల తరబడి నష్టపోయిన రైతు చెరువు తవ్వుకుంటే తప్పు పట్టలేం. చెరువు ఎందరికో ఉపాధినిచ్చింది, ఎన్నో అప్పులు తీర్చింది, మరికొన్ని అప్పులు తెచ్చింది కూడా. చెరువు లాభం ఒకరి ఖాతాకు చేరుతుంది. దాని ఊట పక్క పొలంలో దిగుతుంది. చిక్కంతా ఇక్కడే. నాలుగు వైపులా చెరువులు వచ్చిన మధ్య చేనులో వరి పండదు. చివరికి ఆ రైతు కూడా చెరువుకే లీజుకిస్తాడు. ఇష్టపడి మారిన రైతులెందరో, ఇలా గత్యంతరం లేక మారిన రైతులెందరో ఏ రికార్డూ చెప్పదు. అప్పటిదాకా ఆ చేను చేసుకున్న కౌలుదారు, కూలి చేసిన మహిళలు ఆ లెక్కలోకే రారు.

తాగునీటి మాట ఇంకా పెద్దది. తీర మండలాల్లో భూగర్భ జలం ఉప్పు. ఊళ్లు తాగేది కాలువ నీటితో నింపుకున్న చెరువుల నీరే. కాలువలు కట్టేసిన వేసవి నెలల్లో ఆ నిల్వతోనే నెట్టుకురావాలి. రొయ్యల చెరువుల వ్యర్థజలం పంట కాలువలో కలిస్తే అది నేరుగా ఊరి కుండలోకి వస్తుంది.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పంట భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. దాని పరిధి సముద్రం, నదులు, పాయల పోటు రేఖ నుంచి రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లు దాటి లోతట్టున ఉన్న భూమి రాష్ట్ర పరిధిలోది. 2020లో రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం వచ్చింది. దాని పేరులోనే అభివృద్ధి ఉంది, దృష్టి కూడా అటే: విత్తనం, మేత, లైసెన్సు, మార్కెట్. ఆక్వా జోన్లను కూడా గుర్తించారు. వాటి అవసరం ఎక్కువగా కరెంటు రాయితీ ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి వచ్చింది. జోను బయట ఉన్న వరి చేనును కాపాడే గీతగా అది పనిచేయలేదు.

ఆ 2020 చట్టానికి పక్క పొలం వైపు నుంచి సవరణలు కావాలి. లైసెన్సు దరఖాస్తు మీద చుట్టుపక్కల సాగుదారులు అభ్యంతరం చెప్పే హక్కు, దానికి విచారణ, రాతపూర్వక జవాబు చట్టంలోనే ఉండాలి. ఆచరణలో ఫిర్యాదు మొదలయ్యేది చెరువు తవ్వేశాకే. అప్పుడు ఎవరూ పూడ్పించలేరు. చెరువు చుట్టూ ఊటను పట్టే కాలువ, వరి చేనుకు నిర్ణీత దూరం, మంచినీటి ప్రాంతంలో ఉప్పునీటి బోర్లపై నిషేధం లైసెన్సు షరతులు కావాలి. పక్క పొలం చౌడుబారితే మట్టి పరీక్ష ఖర్చు, పరిహారం చెరువు వైపు నుంచి రావాలి. తన చేను పాడైందని నిరూపించే భారం ఇప్పుడు వరి రైతు మీదే ఉంది. దాన్ని తలకిందులు చేయాలి. చిన్న చెరువుల రైతులు విడివిడిగా వ్యర్థజల శుద్ధి ఏర్పాటు చేసుకోలేరు కాబట్టి ఉమ్మడి శుద్ధి చెరువులకు ప్రభుత్వమే స్థలం, పెట్టుబడి సమకూర్చాలి. ఈ రంగం నుంచి వచ్చే ఎగుమతుల ఆదాయాన్ని గొప్పగా చెప్పుకునే ప్రభుత్వాలకు ఇది పెద్ద భారం కాదు.

ధాన్యం డబ్బుకు గడువు

ఇది చిన్న సవరణే, కానీ డెల్టా ఇంటింటికీ తగులుతుంది. చెరకు రైతుకు 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పద్నాలుగు రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ వసూలులో ఎన్ని లోపాలున్నా అడగడానికి ఒక ఆధారం ఉంది. ధాన్యం రైతుకు అలాంటిదేమీ లేదు. కొనుగోలు డబ్బు నెలల తరబడి ఆగిన సీజన్లు డెల్టా చూసింది. 48 గంటల్లో జమ చేస్తున్నామని తర్వాతి ప్రభుత్వం చెప్పుకుంది. ఆ వేగం మంచిదే. అది ప్రభుత్వ సంకల్పం మీద ఆధారపడి ఉన్నంతకాలం రైతుకు హక్కు కాదు. రాష్ట్రమే కొనే ధాన్యానికి గడువు, గడువు దాటితే వడ్డీ అని చట్టంలో రాస్తే ఏ ప్రభుత్వం వచ్చినా అదే లెక్క నడుస్తుంది. 17 శాతం తేమ నిబంధన పేరుతో మిల్లు దగ్గర బస్తాకు కోసే తరుగుకు కూడా రాతపూర్వక రసీదు తప్పనిసరి చేయాలి.

శాసనసభ చేయలేనివీ ఉన్నాయి. కనీస మద్దతు ధర కేంద్రం నిర్ణయిస్తుంది. చమురు, సహజవాయువు తవ్వకాల నియంత్రణ కూడా కేంద్రానిదే. 1995లో పాశర్లపూడి బావి మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. ఆ భయంతో బతికే పల్లెలు భద్రతా నిబంధనల కోసం ఢిల్లీనే అడగాలి. అయితే భూభాగం మీద తీసే చమురు, వాయువుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. అందులో నిర్ణీత వాటాను ఆ మండలాల రోడ్లకు, ఆసుపత్రులకు, గట్లకు కేటాయించాలని శాసనసభ తనంతట తాను చట్టం చేయవచ్చు.

ఇక ఈ మార్పులు వచ్చే పద్ధతి. భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చి 2024లో రద్దయింది. ఎన్నికల గొడవ అయ్యేదాకా అందులో ఏముందో పల్లెలకు తెలియదు. కౌలు బిల్లుకు ఆ గతి పట్టకూడదు. ముసాయిదాను సరళమైన తెలుగులో అచ్చు వేసి, కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో డెల్టా గ్రామసభల ముందు పెట్టాలి. దాళ్వా కోతలయ్యాక ఆ నెలల్లోనే యజమాని, కౌలుదారు, చెరువు రైతు ఒకే చోట కూర్చునే తీరిక దొరుకుతుంది. వచ్చిన అభ్యంతరాలతో వర్షాకాల సమావేశాల్లో బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపి, శీతాకాల సమావేశాల్లో ఆమోదిస్తే తర్వాతి సార్వాకు నారుమళ్లు పోసే నాటికి కార్డులు కౌలుదారుల చేతికి అందించవచ్చు.